నలభై ఒకటో నెంబరు తువ్వాలు

కుట్లత్త పదకొండో కర్టెను అంచు మడిచి కుడుతోంది. ఇప్పుడిక్కడున్నవి ఆఫీసులు. ఒకప్పుడు ఈ ఆవరణలో బడి, దాని హాస్టలు, గోడకవతల అనాథాశ్రమం ఉండేవి. నాలుగేళ్ల పిల్లగా వచ్చి, ఇక్కడే పెరిగి, పిల్లల బట్టల మీద నెంబర్లు కుట్టే పనిలో కుదిరింది. పిల్లలు పోయారు, ఆఫీసులొచ్చాయి, పాత మిషనుతో పాటు ఆమే మిగిలింది.

గేటు దగ్గర బోర్డుకు ఆవరణ చరిత్ర రాసే పని గుమాస్తా నెత్తిన పడింది. రెండు పాత రిజిస్టర్లు చంకన పెట్టుకొని వచ్చాడు.

"అత్తా, నీ నెంబరెంత?"

"నలభై ఒకటి. ఎందుకూ?"

"వీటిలో పేర్లు లేవు, నెంబర్లే. నలభై ఒకట్లు ఇద్దరున్నారు. ఇద్దరూ నాలుగేళ్ల ఆడపిల్లలే. హాస్టలు పిల్లకి, తల్లి వచ్చి తీసుకెళ్తుందని రాశారు. ఆశ్రమం పిల్లకి ఎవరూ లేరని రాశారు. ఆ ఏడే హాస్టలునీ ఆశ్రమాన్నీ కలిపేశారు. తర్వాత ఒక పిల్ల వెళ్లిపోయిందట. ఏ పిల్లో రాయలేదు."

మిషను ఆగింది. తనకెవరూ లేరన్న మాట అరవై ఏళ్లుగా పాత చెప్పులా ఆమెకు అలవాటైపోయింది, కరవడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడిదేమిటి?

పెట్టె అడుగునుంచి తను వచ్చిననాటి తువ్వాలు తీసింది. హాస్టలు పిల్లలకు ఎర్రదారం, ఆశ్రమం పిల్లలకు నీలం. మూల మీద 41 ఉంది కానీ దారం రంగు పోయి బూడిదైంది. తిప్పి ముడి దగ్గర చూసింది. అక్కడా బూడిదే.

"ఎర్రదైతే మా అమ్మ వస్తానందన్నమాట."

రాలేదుగా అనబోయి గుమాస్తా రిజిస్టరు పేజీ తిప్పాడు.

"వస్తానని రాకపోవడం మేలా, అసలు లేకపోవడం మేలా, నువ్వే చెప్పు."

"నాకేం తెలుసత్తా. బోర్డు మీద ఏం రాయాలో కూడా తెలీడం లేదు."

"బోర్డుదేముంది, ముందు నేనెవరో తేలనీ."

పన్నెండో కర్టెను అంచు తిరగేసి కుట్టింది. జన్మలో చేయని తప్పు. విప్పి మళ్లీ కుట్టింది, మళ్లీ తిరగేసే. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. కర్టెను పక్కన పడేసి తువ్వాలు ఒళ్లో వేసుకుంది.

సాయంత్రం తాళం వేయడానికి గుమాస్తా వచ్చాడు. తల పక్కకు వాలి ఉంటే కునుకనుకున్నాడు. రెండుసార్లు పిలిచి, చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. ఎవరికి కబురు పెట్టాలో అతనికి తోచలేదు.

ఒళ్లో తువ్వాలు అలాగే ఉంది. నాలుగు అంకె మీద కొత్తగా ఎర్రదారం పూర్తిగా కుట్టి ఉంది. ఒకటి మీద సగం దాకా నీలం వచ్చి, సూది గుడ్డలోనే ఆగిపోయింది.