ఆదిగా వెళ్ళిన ర్యామ్ ముక్క

నేను ఒక ర్యామ్ ముక్కను. జానెడులో సగానికి కాస్త ఎక్కువ పొడవు, పచ్చటి ఒళ్ళు, అంచున బంగారు పూత పళ్ళు, వాటి మధ్య ఒక గాటు. కంప్యూటరుకు జ్ఞాపకశక్తి నేనేనంటారు గానీ నా తిప్పలు నాకే తెలుసు. నా దగ్గరున్న ప్రతి అక్షరాన్నీ సెకనుకు పదిహేనుసార్లు వల్లె వేసుకోవాలి, లేకపోతే జారిపోతుంది. ఎక్కాలు అప్పజెప్పే పిల్లాడికైనా మధ్యలో ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. నాకు అదీ లేదు. మరి ఇంత కథ ఎలా గుర్తుందని మీరడగొచ్చు. కథ చెప్పే వస్తువును అలాంటి ప్రశ్నలు అడక్కూడదు.

పుట్టింది సముద్రాలవతల ఓ ఫ్యాక్టరీలో. మొదటి కాపురం విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీ ఆఫీసు. అక్కడ నేను మోసినవి ర్యాంకుల జాబితాలు. సాయంత్రం స్విచ్ తీస్తే నేను హాయిగా మరిచిపోయేదాన్ని. పిల్లలకు ఆ భాగ్యం లేకుండా వాటినే అచ్చు తీసి గోడకు అంటించేవారు. ఐదేళ్ళకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి, మమ్మల్ని వరండాలోకి నెట్టారు. అక్కడినుంచి చీరాలలో హైమావతి ఇంటి ముందుగదికి చేరాను.

హైమావతి జాకెట్లు కుడుతుంది. నా కంప్యూటర్ మీద డిజైన్ గీసి, పక్కనున్న ఎంబ్రాయిడరీ మిషన్‌కు పంపుతుంది. చిన్న చిన్న పువ్వులున్నంత కాలం నాకు ఇబ్బంది లేదు. ఒక పెళ్ళికూతురు వీపు నిండా అంబారీ ఏనుగు కావాలంది. నలభై వేల కుట్లు! తొండం వరకూ మోశాను, కాళ్ళ వరకూ మోశాను, అంబారీ దగ్గరికొచ్చేసరికి నా వల్ల కాలేదు. తెర బిగుసుకుపోయింది. మూడుసార్లు గీసింది, మూడుసార్లూ అంతే. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె భర్త పూర్ణచంద్రరావు గారు మార్కెట్ యార్డులో పనిచేస్తారు. తనకు తెలియనిది లోకంలో లేదన్న ధీమా ఆయనది.

"ఈ సంత మనకెందుకే హైమా? ఫాల్సులూ హెమ్మింగులూ చేసుకున్నప్పుడే బాగుండావు. ఒంగోలు వాళ్ళు మిషన్ కొంటామన్నారు, ఆదివారం వచ్చి చూసుకుంటారట."

"శనివారం దాకా ఆగండి. ఈ జాకెట్టు అవకపోతే మీ ఇష్టం," అంది హైమావతి. అన్నదే గానీ, మిషన్ మీద కప్పిన గుడ్డను మళ్ళీ మళ్ళీ సర్దింది. ఆ మిషన్ పోతే మళ్ళీ చీరల అంచులు మడుచుకుంటూ బతకాలి. అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

కంప్యూటరుకు జ్ఞాపకశక్తి చాలడం లేదని తెలిసి, ర్యామ్ తేవడానికి ఆయనే బయలుదేరారు. ఆడవాళ్ళను షాపులో మోసం చేస్తారట. షాపువాడు ఏ రకం అని అడిగితే "అన్నిటికంటే కొత్తది, పెద్దది" అన్నారట. అది ఠీవిగా వచ్చి నా పక్క గూట్లో కూర్చోబోయింది. దాని గాటు ఒకచోట, గూటిలో దిమ్మ ఒకచోట. నాది డీడీఆర్ త్రీ రకం, దానిది ఫోర్. ఆయన కులాసాగా బొటనవేలితో అదిమారు.

"కొత్త చెప్పులు కరవవూ? ఇదీ అంతే."

గూడు విరుగుతుందేమోనని నాకు ముచ్చెమటలు. హైమావతి చెయ్యి పట్టుకుని ఆపింది. మర్నాడు ఇంకోటి తెచ్చారు. ఈసారి రకం సరిపోయింది గానీ పొడవు నాలో సగమే. ల్యాప్‌టాప్‌ది.

"పొడవేదండీ?"

"రకం అడిగావు, తెచ్చాను. పొడవు చెప్పావా?"

నిజం చెబుతాను, రెండుసార్లూ నాకు లోలోపల సంతోషమే వేసింది. పక్కన మరొకటి చేరితే నన్నెక్కడ తీసేస్తారోనని బెంగ. అప్పటికి శుక్రవారం వచ్చేసింది.

హైమావతి తనను తానే తిట్టుకుంది. "ఇరవయ్యేళ్ళ నుంచీ కొలతకు ఆది జాకెట్టు లేకుండా ఒక్క గుడ్డ ముట్టుకోలేదు. దీనికి ఆది పంపాలని తట్టలేదు నాకు!"

కరెంటు తీసేసి, నన్ను ఊడదీసి, లైనింగు గుడ్డలో చుట్టింది. టార్చి వేసి మదర్‌బోర్డు పేరు చదివి, ఛాతీలు, భుజాలు రాసుకునే కొలతల పుస్తకంలోనే రాసుకుంది. రెండు గూళ్ళు, ఒకటి ఖాళీ. బస్సులో ఆమె ఒడిలో దారంతా ఒకటే గుబులు. పాతది తీసుకుని కొత్తదిస్తామంటే నా గతేమిటి?

కంప్యూటర్ షాపాయన జిలానీ నన్ను వెలుగులో పెట్టి, నా వీపు మీది చీటీ చదివాడు. పుస్తకం చూసి నవ్వాడు. "ఇట్టా రాసుకొచ్చేవాళ్ళు లేరమ్మా." పాత సామాన్ల సొరుగులోంచి నా రకందే, ఎనిమిది జీబీది తీసి, ఇద్దరినీ ఒకే బోర్డులో పెట్టి చూశాడు. బోర్డు ఇద్దరినీ ఒప్పుకుంది.

"కలిసినయి గానీ ఒక మాట. ఇది జోరుగా పోద్ది, మీది నిదానం. పక్కపక్కన పెడితే మీదాని నడకే దానికీ. పాతది పక్కన పడేసి, ఇట్టాంటివే రెండు వేసుకోండి."

నా ప్రాణం గిలగిల్లాడింది. హైమావతి నా వంక చూసింది. "పరుగెందుకన్నా? అంబారీ దగ్గర ఆగకుండా ఉంటే చాలు."

శనివారం మధ్యాహ్నానికి ఏనుగు మొత్తం తెర మీదకొచ్చింది. పక్కనున్న ఎనిమిది జీబీ నా అడుగులో అడుగేసింది, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. సాయంత్రానికి జాకెట్టు వీపున అంబారీ మెరిసింది. పూర్ణచంద్రరావు గారు దాన్ని చేత్తో తడిమి చూశారు. అయినా ఒంగోలు వాళ్ళకు రావద్దని ఫోన్ చెయ్యడానికి ఆయనకు మొహం చెల్లలేదు. దాంతో వాళ్ళు ఆదివారం పొద్దున్నే దిగారు.

హైమావతి అప్పటికే ఇంకో డిజైన్ వేసింది. మిషన్ టకటకమని ఆడుతోంది. వచ్చినవాళ్ళలో ఒకాయన దాని చుట్టూ తిరిగి, పూర్ణచంద్రరావు గారి వైపు తిరిగాడు.

"బాగానే నడస్తంది. చెప్పండి, ఎంతకిస్తారు?"

పూర్ణచంద్రరావు గారు హైమావతి వైపు చెయ్యి చూపించారు.

"నన్నెందుకు అడుగుతారు? మిషన్ ఆవిడది. ఆవిణ్ణే అడగండి."

హైమావతి తల కూడా ఎత్తలేదు.

"అమ్మనండీ," అంది. సూది ఒక్క కుట్టు కూడా ఆగలేదు.