కంపోజిటర్ చదవని పుస్తకాలు

అనిసెతో బిదెగాయిన్ నలభై ఏళ్ల పైచిలుకు ఉరుగ్వే రాజధాని మోంతెవిదేయోలో ఒక చిన్న ముద్రణాలయంలో అక్షరాలు పేర్చే కంపోజిటర్‌గా పనిచేశాడు. ఎన్ని పుస్తకాలు కూర్చాడో అతనికే తెలియదు. వాటిలో ఒక్కటి కూడా చదవలేదు. ఆ మాట విన్నవాళ్లందరూ నవ్వేవారు. సీసపు అక్షరాలు తిరగబడి ఒక్కొక్కటే స్టిక్కు అనే ఇనప పట్టీలో చేరుతుంటే మనసు అక్షరం మీద ఉంటుంది గాని కథ మీద ఉండదని ఎంత చెప్పినా ఎవరి తలకీ ఎక్కేది కాదు.

పుస్తకం బయటికి వచ్చినప్పుడల్లా యజమాని ఒక ప్రతి చేతిలో పెట్టేవాడు. అనిసెతో దాన్ని పాత పేపర్లో చుట్టి తెచ్చి బీరువా పైన పెట్టేవాడు. భార్య సుల్మా ఏడాదికి రెండుసార్లు వాటి దుమ్ము దులిపేది. అంతే, వాటికి జరిగిన మర్యాద.

అతను రిటైరైన మూడో ఏడు, వాళ్లుండే లా తేహా పేటలో ఫుట్‌బాల్ క్లబ్బు వెనక గదిలో నడిచే గ్రంథాలయానికి మిరేయా అనే టీచరమ్మ వచ్చింది. ఆమె డిసెంబర్లో గోడకు పెద్ద అట్ట అతికించింది. కొత్త సంవత్సరమంతా నెలకొక పుస్తకం చదవాలి. కొత్తది కాకూడదు. కనీసం ఇరవయ్యేళ్ల కిందటిదై ఉండాలి, ఇంట్లోనే పడి ఉండాలి, ఎప్పటికైనా చదువుదాంలే అని వదిలేసినదై ఉండాలి. ముందుకొచ్చినవాళ్లు అట్ట మీద పేరు రాసుకోవాలి, ఒక్కొక్కటీ పూర్తిచేసి ఒక్కో గడి నింపుకోవాలి.

అనిసెతో జేబులోంచి పెన్ను తీసి పేరు రాస్తుంటే, అప్పటికే తన పేరు రాసేసిన పాత స్నేహితుడు వాల్డెమార్ మూతి విరిచాడు. వాల్డెమార్ ఒకప్పుడు మాంసం ఫ్యాక్టరీలో కత్తి పట్టినవాడు. చదివింది నాలుగో తరగతే అయినా పుస్తకం కనబడితే వదిలేవాడు కాదు.

"నువ్వా? చదవడమా? కూరలో తిరిగే గరిటెకి ఇప్పుడు రుచి ఎందుకురా?"

"నలభయ్యేళ్లు తిరిగిన గరిటె ఒక్కసారి నాకి చూద్దామనుకుంటోంది. మధ్యలో నీకేంటి నొప్పి?"

"నాకేం నొప్పి లేదు. పన్నెండూ చదవకుండా నువ్వు చేతులెత్తేస్తే డిసెంబర్లో పొట్టేలు కాల్చి పెట్టాలి. అంతే."

"పెడతా. నువ్వు ఓడిపోతే ఆ బొచ్చు కుక్కలాంటి మీసం తీసెయ్యాలి."

ఇంటికెళ్లి బీరువా పైనుంచి కట్టలు దింపి, పన్నెండు ఏరాడు. పదకొండు ఎలా తగిలితే అలా ఏరినవే. ఒక్కదాని కోసం మాత్రం వెతికాడు. నీలం అట్ట ఉన్న చిన్న నవల అది, ఒక దీపస్తంభం కాపలాదారుడి కూతురి కథ. దాన్ని పందొమ్మిది వందల అరవయ్యేడు చలికాలంలో కూర్చాడు. ఆ చలికాలమే వాళ్ల ఒక్కగానొక్క కూతురు మిర్తా మెదడువాపు జ్వరంతో నాలుగు రోజుల్లో పోయింది. దానికి ఎనిమిదేళ్లు. పూడ్చిపెట్టిన మూడో రోజున అనిసెతో పనిలోకి వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో ఏం తిన్నాడో, ఎవరితో మాట్లాడాడో, ఏ పేజీలు కూర్చాడో ఏదీ గుర్తులేదు. తన చేతులు అప్పుడేం చేశాయో ఒకసారి చూడాలని ఎన్నాళ్లుగానో లోపల ఉంది. సుల్మాతో ఈ మాట అనలేదు. మిర్తా గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు.

ఆ దేశంలో జనవరి అంటే నడి ఎండాకాలం. ఆ ఎండల్లో పెరట్లో కూర్చుని మొదటి పుస్తకం ముగించాడు. ఏప్రిల్ చివరికి నాలుగు గడులు నిండాయి. ఏళ్ల తరబడి తన వేళ్లకిందే ఉన్న మనుషులు ఇప్పుడు లేచి మాట్లాడుతున్నట్టు ఉండేది. "ఇంత బాగుంటాయని నాకెవడూ చెప్పలేదే" అని భార్య దగ్గర వాపోయేవాడు.

"నీ ముక్కు కిందే ఉన్నాయి గదా. ఎవరు చెప్పాలి?" అనేది సుల్మా.

మే నెలలో ఒక పొద్దున లేచి, టీలా తాగే మాతే ఆకు వేసిన గిన్నెలో వేడినీళ్లు పోసుకుని, పేపరు విప్పాడు. అది రష్యా భాషలో ఉంది. వాల్డెమార్ చేసిన తుంటరి పని అనుకుని నవ్వుకున్నాడు. పేజీ తిప్పాడు. అదీ అంతే. ఫుట్‌బాల్ బొమ్మలు మామూలుగానే ఉన్నాయి, వాటి కింద మాత్రం పురుగులు పాకినట్టు గీతలు.

"సుల్మా, ఈ పేపరు ఎక్కణ్నుంచి తెచ్చావు?"

"రోజూ తెచ్చే చోటే. ఏం?"

"ఇది మన పేపరు కాదు."

సుల్మా చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. పైనున్న పెద్ద అక్షరాలు గట్టిగా చదివింది. తర్వాత మొగుడి ముఖంలోకి చూసింది. అతను లేవబోయి కుడి భుజంతో తలుపును గుద్దుకున్నాడు. ఆ పక్కన తలుపు ఉన్నట్టే అతనికి కనబడలేదు.

ఆస్పత్రిలో డాక్టరు తల వెనక భాగంలో సన్నని రక్తనాళం ఒకటి పూడుకుపోయిందన్నాడు. మాట పోలేదు, కాళ్లూ చేతులూ పోలేదు, అదృష్టవంతుడివన్నాడు. కాగితమిచ్చి పేరూ ఊరూ రాయమంటే అనిసెతో గుండ్రని దస్తూరీతో తప్పు లేకుండా రాశాడు. ఇప్పుడది చదవమన్నాడు డాక్టరు. అనిసెతో తాను రాసినదాన్నే చాలాసేపు చూశాడు. "తెలియట్లేదు" అన్నాడు.

"మళ్లీ వస్తుందా?" అని సుల్మా అడిగింది.

"కొందరికి కొంత వస్తుంది" అన్నాడు డాక్టరు, ఆమె వైపు చూడకుండా.

ఆస్పత్రిలో కసరత్తులు చేయించే అమ్మాయి ఒక దారి చూపించింది. కళ్లు మరిచిపోయినా చెయ్యి మరిచిపోలేదు. అక్షరం వంపును చూస్తూ తొడ మీద వేలితో గీస్తే, అదేమిటో వేలు చెబుతుంది. నిజంగానే చెప్పింది. కాకపోతే ఒక్క మాట పూర్తయ్యేసరికి మొదటి అక్షరం ఏదో మరిచిపోయేవాడు. ఒక వాక్యానికి పావుగంట పట్టేది. వారం తిరక్కుండానే విసుగొచ్చి మానేశాడు.

అప్పుడు సుల్మా, "నేను చదువుతాలే" అంది. ఆమె కుట్టుపని చేసి బతికిన మనిషి. ఆరో తరగతిలో బడి మానేసింది. వరస కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివేది.

"పుస్తకాల వరస సంగతి తర్వాత. ముందు ఆ నీలం అట్టది అందుకో" అన్నాడు అనిసెతో.

"అదే ఎందుకు?"

"ఊరికే."

జూన్ చలిలో వంటగది పొయ్యి పక్కన కూర్చుని రోజుకు మూడు నాలుగు పేజీల చొప్పున చదివింది. దీపస్తంభం కాపలాదారుడు, అతని కూతురు మార్తా, పాలకోసం పెంచుకున్న ఒక మేక, తుఫాను. మార్తాకు జ్వరం వస్తుంది. తండ్రి డాక్టరు కోసం పడవ వేసుకుని ఒడ్డుకు బయల్దేరతాడు. అక్కడికి వచ్చాక ఒక సాయంత్రం సుల్మా ఉన్నట్టుండి ఆగిపోయింది. లేచి మంచినీళ్లు తాగింది. తిరిగి వచ్చి ఎన్నడూ లేనంత గడగడా చదివేసింది. డాక్టరు వేళకు వచ్చాడు, పిల్ల కళ్లు తెరిచింది, వసంతంలో బడికి వెళ్లింది.

"బతికిందా?" అన్నాడు అనిసెతో.

"బతికింది" అని పుస్తకం మూసేసింది సుల్మా.

ఆ రాత్రి అతను చాలాకాలానికి హాయిగా నిద్రపోయాడు.

జులైలో గ్రంథాలయంలో జరిగిన సమావేశంలో ఎవరు చదివింది వాళ్లు చెప్పుకోవాలి. అనిసెతో లేచి నీలం అట్ట పుస్తకం కథ చెప్పాడు. పిల్ల బడికి వెళ్లడం దగ్గరికి వచ్చేసరికి వాల్డెమార్ మీసం సవరించుకున్నాడు.

"ఆగరా ఆగు. ఏ పుస్తకం చెబుతున్నావు నువ్వు? అందులో పిల్ల చచ్చిపోతుంది గదా! పడవ తిరిగొచ్చేలోపే పోతుంది. వయసులో ఉన్నప్పుడు బస్సులో చదువుతూ ఏడిస్తే కండక్టరు నన్ను చూసి టిక్కెట్టు కూడా అడగలేదు."

ఎవరో నవ్వారు. మిరేయా గబుక్కున, "దోన్ అనిసెతో, మీరు అలిసిపోయినట్టున్నారు, కూర్చోండి" అంది. ఆ జాలి గొంతు వాల్డెమార్ ఎగతాళి కంటే ఎక్కువ గుచ్చుకుంది. అనిసెతో టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు. వాల్డెమార్ వెనకాలే వచ్చి, "ఒరేయ్, నేనేమన్నానని? ఒరేయ్, నిన్నే!" అని వీధి మలుపు దాకా పిలిచాడు.

ఇంట్లో సుల్మా గౌను అంచు కుడుతోంది.

"ఎన్ని మార్చావు?" అన్నాడు.

ఆమె సూది ఆపింది. అడగాల్సింది ఏదీ లేనట్టు తల దించుకుంది.

"నన్ను పసిపిల్లాణ్ని చేశావు. కళ్లు పోయాయని కట్టుకథలు చెప్పావు. అందరి ముందూ నవ్వులపాలు చేశావు!"

"ఆ ఒక్క చోటే మార్చాను."

"ఎందుకు?"

"నాకు చదవబుద్ధి కాలేదు."

"నీ బుద్ధితో నాకేం పని? అందులో ఏముందో అది కావాలి నాకు. ఇప్పుడు చదువు."

"చదవను."

"సుల్మా!"

"కొట్టినా చదవను. ఆ వాల్డెమార్ చేత చదివించుకో పో."

నలభయ్యేళ్ల కాపురంలో ఆమె ఆ గొంతుతో మాట్లాడటం అతను వినలేదు. వాల్డెమార్‌ను అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. మర్నాటి నుంచి చివరి అధ్యాయం తెరిచి, కిటికీ దగ్గర కూర్చుని, తొడ మీద గీయడం మొదలుపెట్టాడు. పొద్దున నాలుగు వరసలు, సాయంత్రం నాలుగు. మరిచిపోతాడని ఒక్కొక్క మాటా అయ్యాక పైకి పలికేవాడు. పక్క గదిలో సుల్మా కుట్టుమిషను ఆ మాటలు వినపడకుండా గట్టిగా తొక్కేది. కొన్ని రోజులు తలపోటుతో వాంతి వచ్చేది. ఆమె వచ్చి తడిగుడ్డ నుదుటి మీద వేసి, మళ్లీ మిషను దగ్గరికి వెళ్లిపోయేది. జులై అయిపోయింది. ఆగస్టు సగం అయింది. పదకొండు పేజీలు.

వాల్డెమార్ చెప్పింది నిజమే. పడవ వేళకు తిరిగి రాలేదు. పిల్ల మేక మెడ మీద చెయ్యి వేసి పడుకుంది. తర్వాత ఒక చిన్న వాక్యం. అందులో మొదటి మాట పిల్ల పేరు.

మొదటి అక్షరం సరిగానే వచ్చింది. రెండోది స్పానిష్ లిపిలోని a, గుండ్రంగా తిరగాలి. తిరగలేదు. నిలువుగా ఒక పొట్టి గీత, దాని మీద చుక్క. పొరబడ్డాననుకుని మళ్లీ గీశాడు. మళ్లీ నిలువు గీత, చుక్క. అది i. ముందు పేజీకి వెళ్లి అక్కడున్న పేరు గీశాడు. మార్తా. దాని ముందుది కూడా మార్తాయే. మళ్లీ ఇక్కడికి వచ్చాడు.

మిర్తా కన్ను మూసింది, అని ఉంది అక్కడ.

పుస్తకం పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. సుల్మా దుప్పటి ఆరేస్తోంది.

"నువ్వు చూశావు" అన్నాడు.

ఆమె తీగకు క్లిప్పు పెట్టి, రెండోది చేతిలోనే పట్టుకుని నిలబడింది. "చూశాను. ఆ రోజు రాత్రి, చదువుతున్నప్పుడు. ఆ పేరు నా నోటితో ఎలా చదవను? చదవకుండా నీకెలా చెప్పను?"

"చెప్పాల్సింది."

"ఏమని చెప్పేది? ముప్పయ్యేళ్లు నిన్ను తిట్టుకున్నాను. మూడో రోజే పనికెళ్లిపోయాడు, ఒక్క చుక్క కన్నీరు రాల్చలేదు, రాయిలాంటి మనిషి అని. పక్కన పడుకుని తిట్టుకున్నాను. నువ్వు చూస్తే అక్కడ దాని పేరు పెట్టుకుని కూర్చున్నావు."

అనిసెతో మెట్టు మీద కూలబడ్డాడు. "నాకు గుర్తులేదు సుల్మా. కావాలని పెట్టానో, చెయ్యి జారిందో. ఒట్టు. ఎంత తలుచుకున్నా ఆ రోజు రావట్లేదు."

"పోనీలే."

"ప్రూఫులు చూసేది దోన్ లిసాంద్రో. కామా పోయినా ఒప్పుకునేవాడు కాదు ఆయన. దీన్నెలా వదిలేశాడు? చూసి వదిలేశాడా?"

లిసాంద్రో పోయి ఇరవయ్యేళ్లయింది. ముద్రణాలయం ఉన్న చోట ఇప్పుడు చెప్పుల దుకాణం ఉంది. అడగడానికి ఎవరూ మిగల్లేదు. కూర్చిన మనిషి ఉన్నాడు గాని, అతనికే తెలియదు.

సుల్మా వచ్చి పక్కన కూర్చుంది. దుప్పటి అంచునుంచి నీళ్లు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. ఆమె, "దానికి మేకలంటే భయం, గుర్తుందా?" అంది. అతను తల ఊపాడు.

అక్టోబర్ నుంచి ఆమె మళ్లీ చదవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఒక్క మాట మార్చలేదు. చదవలేనప్పుడు "ఇక్కడ ఆపుతున్నాను" అని చెప్పి ఆపేది. అతను బలవంతం చేసేవాడు కాదు. అలా ఇంకో రెండు పుస్తకాలయ్యాయి. మిరేయా ఇంటికి వచ్చి, విన్నా చదివినట్టే లెక్క, అవసరమైతే మిగతా గడులు కూడా తనే నింపేస్తానంది.

"వద్దమ్మా. నేను చదివినవి నాలుగు. మిగతావి ఆవిడ చదివింది" అన్నాడు అనిసెతో. నీలం అట్ట పుస్తకం సంగతి ఎత్తలేదు.

వాల్డెమార్ పన్నెండూ పూర్తిచేశాడు. క్రిస్మస్ ముందు ఆదివారం పొట్టేలు తనే తెచ్చి, తనే కాల్చాడు. ఒప్పందం గుర్తుచేస్తే, "నోర్మూసుకుని తిను" అన్నాడు. మాంసం ముక్కలు చిన్నవిగా కోసి అనిసెతో పళ్లెంలో కుడివైపు వేశాడు. ఆ వైపు కనపడదని గుర్తొచ్చి, నెమ్మదిగా ఎడమవైపుకు జరిపాడు.

ఏడాది ఆఖరి రోజు మధ్యాహ్నం డాక్టరుకు చూపించుకుని ఇద్దరూ పాత నగరంలోంచి వస్తున్నారు. డాక్టరు కొత్తగా చెప్పిందేమీ లేదు. ఇలాగే ఉండొచ్చన్నాడు. వీధిలో ఆఫీసుల మేడల మీదనుంచి గుమాస్తాలు, ఏటా ఆ రోజు చేసే ఆనవాయితీగా, అయిపోయిన సంవత్సరం క్యాలెండర్లు చించి కిందికి విసురుతున్నారు, బకెట్లతో నీళ్లు గుమ్మరిస్తున్నారు. కింద కుర్రాళ్లు కేకలు. రోడ్డంతా తెల్లగా కాగితాలు. ఒకటి అనిసెతో భుజం మీద అతుక్కుంది. తీసి చూశాడు. తొడ మీద వేలితో గీయబోయి మానేసి భార్యకు ఇచ్చాడు.

"ఇది ఏ రోజుది?"

సుల్మా కళ్లద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"తడిసిపోయింది. నాకూ తెలియట్లేదు" అంది.

బస్సు వస్తోంది. అతని కుడిచెయ్యి పట్టుకుని ఆమె రోడ్డు దాటించింది.