మేస్త్రి వాటా

కాపలా కాంట్రాక్టులో దిగేనాటికి దావూద్ చేతిలో ఉన్నది రేవులో పన్నెండేళ్ళ మేస్త్రీతనం, పాతపట్నంలో తాళ్ళూ టార్పాలిన్లూ అమ్మే చిన్న కొట్టు, ఎవరినీ నమ్మని అలవాటు. ఈ చివరిదే తనకు ఎక్కువ సంపాదించి పెట్టిందని అతని లెక్క.

అది ఎనభై మూడో సంవత్సరం. ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులు. మల్కాపురం దగ్గర ఒక కట్టుబడి కంపెనీ, ఇనుప చువ్వలు దింపుకునే తన యార్డుకి ఇరవై మంది కాపలావాళ్ళు కావాలంది. వాళ్ళ మీద పెట్టే మనిషి మాత్రం మిలటరీలో చేసినవాడై ఉండాలని షరతు. దావూద్ గంగరాజుని తెచ్చుకున్నాడు. గోదావరి జిల్లా మనిషి, సుబేదారుగా రిటైరయ్యాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఒక ఊరు పట్టుకున్నందుకు వచ్చిన పతకాన్ని ఇంట్లో గోడకి తగిలించుకున్నాడు. అది అసలుదో కాదో అని దావూద్ వెళ్ళి చూసి మరీ వచ్చాడు.

రెండు నెలలు తిరిగేసరికి యార్డులో దొంగతనాలు సగానికి సగం తగ్గాయి. ఇంకొకడైతే సంతోషించేవాడు. దావూద్‌కి అనుమానం పుట్టింది. దొంగతనం ఊరికే తగ్గదు. దొంగకీ కాపలావాడికీ పొత్తు కుదిరితే లెక్కల్లోంచే మాయమవుతుంది. అలాంటివి అతను రేవులో చాలా చూశాడు. అందుకని రోజూ మధ్యాహ్నంపూట యార్డు ముందు గేటుకి ఎదురుగా టీ బడ్డీ దగ్గర కాపేశాడు.

అక్కడ ఒకటి కనిపెట్టాడు. సుబేదారు రాగానే కాపలావాళ్ళందరూ లేచి సెల్యూట్ కొడతారు. పైడయ్య అనేవాడు ఒక్కడే లేవడు, బీడీ కూడా ఆర్పడు. అయినా సుబేదారు అతన్ని పల్లెత్తు మాట అనడు. 'వీడి దగ్గర ఆయన గుట్టేదో ఉంది. ఇద్దరూ కలిసి చువ్వలు అమ్ముకుంటన్నారు' అనుకున్నాడు దావూద్. ఓ గురువారం మధ్యాహ్నం పైడయ్యని బడ్డీ దగ్గరికి పిలిచి టీ ఇప్పించాడు.

"ఏటి పైడయ్యా, సుబేదారు గారంటే నీకు లెక్కలేదా?"

"పనిచ్చింది నువ్వు సాయిబూ. నీకు దణ్ణమెడతాను. ఆయనకెందుకు?"

"నీకు వాటా ఎంత ఇత్తన్నాడు?"

పైడయ్య నవ్వాడు. "వాటాయా? ముందే ఇచ్చీసాడు. అయిదేళ్ళు జైలు."

యుద్ధంలో పైడయ్య గంగరాజు కిందే పనిచేశాడు. వాళ్ళు పట్టుకున్నది సరిహద్దు అవతలి ఊరు.

"మావోళ్ళు ఇద్దరు సచ్చిపోయారు. ఆ సాయంత్రం ఈయన మమ్మల్ని పిలిసి, రేపటికల్లా ఈ ఊళ్ళో నాకు తలనొప్పి ఉండకూడదు, ఎలాగన్నది నాకు సెప్పొద్దు అని డేరాలోకి పోయాడు."

"మీరేటి సేసారు?"

"సేతులు కట్టేసున్న రైతులు. అయిదుగురు. నా తుపాకీకి సచ్చినోడు ఒకడు." పైడయ్య గ్లాసు కింద పెట్టాడు. "సేసింది తప్పే. సిచ్చ అనుభవించాను, దానికి ఏడవను. కానీ ఆ డేరా నూరు గజాలు లేదు సాయిబూ. తుపాకుల మోత ఇనబడదా? ఇచారణలో మాత్రం, నాను ఆర్డరివ్వలేదు, అక్కడ లేను అన్నాడు. ముగ్గురం జైలుకెళ్ళాం. ఆయన పతకం తెచ్చుకున్నాడు."

దావూద్ సగం నమ్మాడు. మిగతా సగం తేల్చుకోవడానికి సాయంత్రం సుబేదారు దగ్గరికి వెళ్ళాడు.

"నేను చంపమనలేదు," అన్నాడు గంగరాజు, ఏ తొట్రుపాటూ లేకుండా. "తుపాకుల మీద ముప్పై మంది వేళ్ళు పట్టుకుని ఎవడు కూర్చుంటాడు సాయిబు గారూ? కాల్చినవాడిదే ఆ పాపం."

"ఊరు పట్టుకున్ననాడు తమరు కాల్చారా?"

"కాల్చింది కుర్రాళ్ళు. నేను నడిపించాను."

"మరి పతకం తమరికెందుకిచ్చారు?"

"నాయకుణ్ణి గనక."

"మా రేవులో మేస్త్రి బస్తా మొయ్యడు. అయినా మోసే కళాసీలు తమ కూలిలోంచి అతనికి ఒకటిన్నర వాటా ఇస్తారు. బస్తా నీళ్ళల్లో పడితే ఓడ కెప్టెన్ ముందు నిలబడాల్సింది అతనే, ఆ అర వాటా అందుకు. తమరు వాటా తీసుకుని నిలబడ్డం ఎగ్గొట్టారు."

"బస్తాలూ మనుషులూ ఒకటేనా?"

"కాదు. అందుకే అడుగుతన్నాను."



మర్నాడు పొద్దున్నే, రేవు రోజుల నుంచీ దావూద్‌ని బావా అని పిలిచే హెడ్డు కానిస్టేబులు శ్రీరామ్మూర్తి యార్డుకొచ్చాడు. దావూద్ అక్కడే ఉన్నాడు. తుక్కు ఇనుము ఏరుకునే దాలయ్యని గురువారం మధ్యాహ్నం వెనక కంచె దగ్గర ఎవరో చెయ్యి విరగ్గొట్టి కాలవలో పడేశారట. గంగరాజు అటెన్షన్‌లో నిలబడి, "నేను అక్కడ లేను. ఆర్డర్ ఇవ్వలేదు. కొట్టినవాళ్ళు ముగ్గురు" అని కాగితం అందించాడు. మూడో పేరు పైడయ్యది.

పైడయ్య గోడకి చేరబడి దావూద్ వంక చూశాడంతే.

"గురువారం మధ్యాహ్నం పైడయ్య ముందు గేటు దగ్గర నా ఎదురుగా ఉన్నాడు," అన్నాడు దావూద్. దొంగతనాలు ఎలా తగ్గాయో అతనికి ఇప్పుడు తెలిసింది. "సుబేదారు గారూ, కొట్టిస్తన్నారా?"

"ఎవరు? నేనా? నన్ను పనిలో పెట్టుకున్న రోజు మీరేమన్నారు సాయిబు గారూ? దొంగతనం ఆగాలి, ఎలా ఆపుతారో నాకొద్దు అన్నారు. నేను వీళ్ళకి ఆ మాటే చెప్పాను. ఒక్క అక్షరం కలపలేదు."

ఆ మాట దావూద్ అన్నాడు. నిజమే.

శ్రీరామ్మూర్తి అతన్ని పక్కకి తీసుకెళ్ళాడు. "బావా, నువ్వు ఊళ్ళో లేవని రాసేత్తాను. పైడయ్య పాత ముద్దాయే కదా, ఇంకో కేసు వాడికో లెక్కా? నీ కాంట్రాక్టు నిలబడతాది."

ఇంత దయ ఎందుకో దావూద్‌కి అనుమానమే. అయితే ఆ ఉదయం అందరికంటే తన మీదే అతనికి ఎక్కువ అనుమానంగా ఉంది.

"నాను ఊళ్ళోనే ఉన్నానని రాయి బావా. పైడయ్య నాతో ఉన్నాడని రాయి. ఎలా ఆపుతారో నాకొద్దని నానే అన్నాను, అదీ రాయి. సుబేదారు గారికి అంతా తెలుసు, నాను తెలుసుకోలేదు. మా ఇద్దరి పేర్లూ ఎక్కించు."

వారం తిరక్కుండా కంపెనీ కాంట్రాక్టు లాగేసుకుంది. కొట్టిన ఇద్దరికీ మూడేసి నెలలు పడ్డాయి, దావూద్‌కి జరిమానా పడింది. గంగరాజు మీద సాక్ష్యం చాలలేదు. అతను ఇంకో యార్డులో పై మనిషిగా చేరాడు. దాలయ్య చెయ్యి వంకరగానే అతుక్కుంది. అతని కట్టూ మందూ దావూద్ పెట్టుకున్నాడు గాని, అది చెయ్యిని తిన్నగా చెయ్యలేదు.

ఇవన్నీ తీసేయగా మిగిలింది ఒక్కటి. చెయ్యని పనికి పైడయ్య జైలుకెళ్ళలేదు. అది చిన్న రాబడో పెద్ద రాబడో దావూద్ చాన్నాళ్ళు తేల్చుకోలేకపోయాడు. చివరికి, వచ్చింది అంతే, పోవలసినదానికంటే ఎక్కువేమీ పోలేదు అనుకుని ఆ లెక్క మూసేశాడు.