మనిషిలో పడ్డ వారం

తెల్లవారేసరికి వంటింటి అరలన్నీ ఖాళీ చేసి, పాత కాగితాలు తీసేసి కొత్తవి పరిచి, డబ్బాలు కడిగి కిటికీ పక్కన బోర్లించాను. మోకాలి ఆపరేషన్ అయ్యాక మా ఇంట్లో ఉంటున్న అత్తగారు వాకర్ పట్టుకుని మెల్లగా వచ్చి, గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళారు. కాసేపటికి మా ఆడపడుచుతో ఫోన్లో అనడం వినిపించింది.

"మీ వదిన ఈ వారం మనిషిలో పడిందే. ముగ్గురి పని ఒక్కతే చేస్తోంది. రెండేళ్ళ కిందట గుర్తుందా, మంచం దిగేది కాదు."

తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. నిద్ర గంటలు రాసుకునే పుస్తకం తీసి లెక్క కూడాను. ఆ వారం మొత్తానికి ఇరవై రెండు గంటలు.

నాకు బైపోలార్ ఉంది, కొన్నాళ్ళు మంచం దిగలేను, కొన్నాళ్ళు పరుగు ఆపలేను. దానికో పేరుందని తెలిసి ఆరేళ్ళయింది. అంతకుముందు ఇంట్లో వేరే పేర్లుండేవి: పొగరు, బద్ధకం, పూనకం. మాత్రలు వేసుకుంటాను, మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకుంటాను, రోజూ ఎన్ని గంటలు పడుకున్నానో రాసుకుంటాను. "ఇంట్లో గొడవైతే ముందు మీ నిద్ర పోతుంది. నిద్ర పోయిందంటే మిగతావన్నీ దాని వెంట పోతాయి" అని డాక్టరమ్మ మొదట్లోనే చెప్పారు. ఈసారి గొడవ ఎక్కడ మొదలైందో నాకు బాగా తెలుసు.

"ఆపరేషన్ అయ్యాక అమ్మ మూడు నెలలు మన దగ్గరే ఉంటుంది. చెల్లికి కుదరదట. సరేనన్నాను," అన్నాడు మా ఆయన ఓ పొద్దున బూటు లేసు కట్టుకుంటూ.

నన్నెందుకు అడగలేదన్నాను. తొమ్మిదింటికల్లా నేను కళ్ళద్దాల షాపులో ఉండాలి. ఆవిడకు స్నానం చేయించి, కాలికి వ్యాయామం చేయించి, మందులిచ్చి, రెండు పూటలకూ వండిపెట్టి వెళ్ళాలంటే ఎన్నింటికి లేవాలో మీరే చెప్పండి అన్నాను. గొంతు పెరిగింది. ఆయన లేసు వదిలేసి, పాలు విరిగాయేమో చూసినట్టు నా మొహంలోకి చూశాడు.

"మాత్ర వేసుకున్నావా?"

మా ఇంట్లో నేను ఏమన్నా జవాబు అదే. గట్టిగా నవ్వితే మాత్ర వేసుకున్నావా. ఆదివారం గిన్నెలు మీరు తోమండి అంటే మాత్ర వేసుకున్నావా. ఒకసారి సినిమా బాగోలేదన్నందుకు కూడా అడిగాడు. అలా అడగ్గా అడగ్గా నాకే నా మీద అనుమానం పట్టుకుంది. కోపం వచ్చినప్పుడల్లా ఇది నేనా, జబ్బా అని తడిమి చూసుకోవడం అలవాటైపోయింది. తడుముకుంటూ ఉండగానే కోపం చప్పబడిపోతుంది, పని మాత్రం అలాగే ఉంటుంది. ఆ రోజూ అంతే. నోరు మూసుకుని నాలుగింటికి అలారం పెట్టుకున్నాను. అత్తగారు వచ్చిన రెండు వారాలకు అలారం అక్కర్లేకుండానే మెలకువ వచ్చేస్తోంది. అలసట లేదు, ఆకలి లేదు, ఒళ్ళు దూదిపింజలా ఉంది. పైగా మెప్పులు. నేను మంచాన పడితే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళే మనుషులు, పరుగులు పెడుతుంటే మాత్రం లాక్కెళ్ళరు. ఎందుకు లాక్కెళ్తారు, వేళకి వంట అవుతోందిగా!

అరలు సర్దిన ఆ రోజే షాపులో తప్పు చేశాను. ఫ్రేముకు తగ్గట్టు అద్దాలను అరగదీసి బిగించడం నా పని. కొన్ని అద్దాలకు కోణం ఉంటుంది, చీటీలో ఎంత రాస్తే అంతే తిప్పి బిగించాలి. నేను జత తర్వాత జత పూర్తిచేసి పడేస్తూ, ఇంకా ఉన్నాయా అని అడుగుతున్నాను. కౌంటర్ దగ్గర ఒక పెద్దావిడ కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని రెండడుగులు వేసి, గోడ పట్టుకుంది.

"నేల పక్కకి ఒరిగిందేమిటమ్మా?"

షాపు ఓనరు అద్దాలు మిషను మీద పెట్టి చూసి, నన్ను లోపలికి పిలిచాడు. "తొంభై దగ్గర ఉండాల్సింది నూట ఎనభైకి తిప్పావు. పదకొండేళ్ళలో నీ చేతిలో ఇలా ఎప్పుడూ జరగలేదు. ఏమైందమ్మా?"

తిట్టినా బాగుండేది. చెప్పడం మొదలుపెట్టాను. మోకాలు, అరలు, ఆడపడుచు, షాపును ఎలా పెంచొచ్చో నా ఆలోచనలు, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేస్తున్నాయి. ఆయన చూపు గడియారం మీదికి పోవడం కనిపిస్తోంది, అయినా ఆపుకోలేకపోతున్నాను. అప్పుడు భయమేసింది. సెలవు పెట్టి అటునుంచటే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ నా సంచిలోని నిద్ర పుస్తకం తిరగేసి, నన్ను అడిగి, మా ఆయన్ని పిలిపించారు. ఆయన కూర్చుంటూనే అన్నాడు, "కోపం బాగా ఎక్కువైందండీ. డోసు కాస్త పెంచండి."

"కోపం ఎప్పుడు మొదలైంది?"

"మా అమ్మ వస్తుందని చెప్పినప్పుడు."

"అప్పటికి ఈవిడ రోజూ ఏడు గంటలు పడుకుంటున్నారు. ఇదిగో, రాసుంది. ఆ కోపానికి నా దగ్గర మందు లేదు. ఇప్పుడు పెరిగిన జబ్బుకి ఉంది, అది మారుస్తాను. కానీ నెలరోజులు నిద్ర చెడకూడదు. చెడితే ఆస్పత్రిలో చేర్చుకోవాల్సిందే. ఇంట్లో పని ఎవరు చూస్తారు?"

ఆయన నావైపు చూశాడు. ఏదో ఒక సర్దుబాటు చెబుదామని అలవాటుగా నోరు తెరిచి, మళ్ళీ మూసేశాను. అలాంటి మౌనాన్ని నేను పూడ్చకుండా వదిలేయడం అదే మొదటిసారి.

"మా అక్క వాళ్ళింటికి వెళ్తాను," అన్నాను చివరికి.

"మరి అమ్మ?"

"మీకు సెలవులున్నాయిగా."

అక్క వాళ్ళ వెనక గదిలో మొదటి నాలుగు రోజులు మొద్దునిద్ర. కొత్త మందుకి నోరు పిడచకట్టుకుపోయేది. అక్క తలుపు తీసి చూసి, "ఊపిరి ఆడుతోంది" అని బావగారితో చెప్పి వెళ్ళేది. ఐదో రోజు నుంచి మనసు కిందికి జారడం మొదలైంది. వస్తుందని తెలుసు, అయినా వచ్చినప్పుడు కొత్తగానే ఉంటుంది. చెంచా ఎత్తాలంటే బరువు. తల దువ్వుకోవాలంటే ఒక పూట పట్టేది. అక్కడే ఉండుంటే ఈ బరువుతోనే పొయ్యి ముందు నిలబడేదాన్ని. ఇక్కడ పడుకునున్నాను. అక్క దుప్పటి మార్చి, ఏమీ అడక్కుండా వెళ్ళిపోతోంది.

పదో రోజు మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేశాడు.

"ఎప్పుడొస్తున్నావ్? అమ్మకి స్నానం, వ్యాయామం, వంట. వారం నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. పిచ్చెక్కిపోతోంది."

జాలేసింది. అబద్ధమెందుకు, నిజంగానే వేసింది. ఆ అలసట ఎలా ఉంటుందో నాకు తెలుసు. నాలుక మందంగా ఉంది, ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పాను.

"నెల పూర్తయ్యాకే వస్తాను. ఈలోగా మీ చెల్లెల్ని పిలుచుకోండి, లేదా పనికి ఎవరినైనా పెట్టుకోండి. వచ్చాక కూడా అత్తయ్యగారి పొద్దుటి పనులు మీవే."

ఆయన మెల్లగా అడిగాడు.

"కోపంగా ఉన్నావా? ఒంట్లో బాగోలేదా?"

"రెండూనూ," అన్నాను. "ఒంట్లో సంగతి డాక్టరమ్మ చూసుకుంటారు. కోపం సంగతి మీరు చూడాలి."