గురువారం ఒక్కటే షాట్

మా లోయలో, బల్ల మీద బంతుల్ని కర్రతో పాకెట్లలోకి కొట్టే పూల్ ఆటకి రెండు లీగులు. మంగళవారం లీగులో ఎదుటివాడు ఫౌల్ చేస్తే నీకు రెండు షాట్లు, చివర మిగిలే నల్ల బంతి మీద కూడా. గురువారం లీగువాళ్లు మాత్రం నల్ల బంతి మీద ఒక్కటే అంటారు. అవే పబ్బులు, అవే బల్లలు, అవే మొహాలు. ఎందుకయ్యా ఈ తేడా అంటే, ఎప్పుడో ఇద్దరు పెద్దమనుషులు మాటా మాటా అనుకున్నారట. వాళ్లిద్దరూ పోయారు, గొడవ మాకు మిగిలింది.

క్లెడ్విన్‌కి ఆ గురువారం కప్పు కావాలి. మంగళవారం కప్పులు ఇంట్లో దుమ్ము పట్టి ఉన్నాయి, గురువారంది ఒక్కసారీ చేతికి రాలేదు. చెయ్యి వణకడం మొదలైంది. ఇదే ఆఖరి సీజన్ అని భార్యకి మాటిచ్చేశాడు కూడా. తీరా ఫైనల్లో ఎదురుపడింది ఎవరూ? నెరిస్, పక్కింటి పిల్ల, తనే కర్ర పట్టించి ఆట నేర్పిన పిల్ల.

ఆఖరి ఆటలో ఇద్దరికీ నల్ల బంతే మిగిలింది, అది పాకెట్లో వేసినవాళ్లదే కప్పు. నెరిస్ గురి తప్పి, కర్రతో కొట్టే తెల్ల బంతినే పాకెట్లో పడేసింది.

"ఫౌల్! రెండు షాట్లు!" అని అరిచాడు పబ్బు యజమాని మోస్టిన్. రెండు లీగులకీ ఆయనే రిఫరీ. మంగళవారం నోరు మరి! పబ్బులో ఒక్కరూ కాదనలేదు. క్లెడ్విన్‌కీ తట్టలేదు. రెండోది ఉంది కదా అని, మొదటి షాట్‌తో నల్ల బంతిని మెల్లగా తోసి పాకెట్ అంచున కూర్చోబెట్టాడు.

మళ్లీ వంగాడు. వంగి, ఎందుకో నెరిస్ వైపు చూశాడు. ఆ పిల్ల తన బూట్లు చూసుకుంటోంది.

నిబంధన దగ్గర కన్నతండ్రినైనా నిలదీసే పిల్ల నోరు కుట్టేసినట్టు కూర్చుందేంటి? ఓరి దేవుడా, ఇవాళ గురువారం!

లేచి నిలబడ్డాడు. "ఏమే, నీకు తెలుసు కదూ?"

"ఏంటి అంకుల్?"

"నాటకాలాడకు. నా మీద జాలిపడ్డావా?"

నెరిస్ కళ్లు తడయ్యాయి. "మీ చెయ్యి చూశాను. ఒక్కసారి మీరు గెలిస్తే ఎవరి కొంప మునుగుతుంది?"

"నాదే!"

"అయ్యో, నా నోరు పడ!" తల బాదుకున్నాడు మోస్టిన్. "రెండని చెప్పింది నేనేగా క్లెడ్, కొట్టెయ్యి!"

"నువ్వూరుకో. పిల్లా, ఇప్పుడు వంతు నీది. కావాలని తప్పావో, ఇంకెప్పుడూ నీ మొహం చూడను."

నెరిస్ ముక్కు ఎగబీల్చి, వంగి, నల్ల బంతిని వేసేసింది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తోచలేదు. ముందు క్లెడ్వినే కొట్టాడు. కొడుతున్నంతసేపూ కడుపు మండుతూనే ఉంది, అబద్ధమెందుకు. కప్పు ఆ పిల్ల చేతిలో చూస్తే ఏడుపొచ్చింది.

బయల్దేరుతుంటే నెరిస్ తలుపు దగ్గర అడ్డం నిలబడింది. "నిజంగానే మానేస్తారా?"

క్లెడ్విన్ కోటు గుండీ పెట్టుకోబోయాడు, వేళ్లు జారిపోయాయి. నెరిస్ సాయానికి చెయ్యి చాపబోయి, ఆగిపోయింది. రెండోసారికి గుండీ పడింది.

"గురువారాలు మానేస్తా," అన్నాడు. "మంగళవారం వస్తానే. అక్కడ నాకు రెండు షాట్లు."