చల్లుడు

పెళ్ళైన మూడో రోజున మా ఆయన నన్ను రెండు చేతులతో ఎత్తి, కళ్ళు మూసుకుని, కాసేపు ఆలోచించి, "సరిగ్గా ఒక బస్తా" అన్నారు. వాళ్ళ లెక్కలో బస్తా అంటే యాభై కిలోలు. బేకరీలో పుట్టి పెరిగిన మనిషి కదా, దేన్నైనా ఒకసారి ఎత్తితే చాలు, కాటాతో పనుండదు. ఆ రోజు నుంచి నన్ను బస్తా అనే పిలిచారు. డిగ్రీ చదివినదాన్ని పట్టుకుని బస్తా అంటారేమిటని నాకు కోపం రావాలి. కోపం రాకపోగా రోజంతా నాలో నేనే నవ్వుకున్నాను.

కింద బేకరీ, పైన మా గది. తెల్లవారేసరికి పొయ్యి వేడికి మా గది గచ్చు గోరువెచ్చగా అయ్యేది. చెప్పులు విడిచి ఊరికే అటూ ఇటూ తిరిగేదాన్ని. పని మధ్యలో ఆయన ఏదో మర్చిపోయినట్టు పైకి వచ్చేవారు, కనురెప్పల మీద తెల్లటి పిండితో. ఆ తెల్లరెప్పల కోసం మెట్ల చప్పుడు వింటూ కూర్చునేదాన్ని.

ఆ ఇంటి మాటలు నేర్చుకోవడం ఇంకో సరదా. నేను అన్నిటినీ పిండి అంటుంటే మామయ్య నవ్వేవారు.

"బస్తాలో ఉంటే సరుకు. నీళ్ళు పోసి కలిపితే పిండి. అంటుకోకుండా బల్ల మీద జల్లేది చల్లుడు. మీ కాలేజీలో ఇవి చెప్పలేదా అమ్మాయ్?"

"సిలబస్‌లో లేదు మామయ్యా."

"అందుకే దేశం ఇలా ఉంది."

రెండో నెల నుంచి తిన్నదేదీ ఒంటికి పట్టడం మానేసింది. కడుపుబ్బరం, విరేచనాలు, మెట్లెక్కితే ఆయాసం. అత్తయ్య మొదట ఇంకేదో అనుకుని మురిసిపోయి, పక్కింటావిడతో చెప్పేసి, తర్వాత చెప్పినందుకు నొచ్చుకుంది. చివరికి పెద్దాసుపత్రిలో గొంతులోంచి గొట్టం దింపి చూశారు. డాక్టరమ్మ సీలియాక్ అంది. గోధుమలో ఉండే జిగురు నా పేగు లోపలి పొరని అరగదీసేస్తోందట. మందు లేదు. బతికినంతకాలం గోధుమ నలుసు కూడా లోపలికి పోకూడదు.

"మీరు ఉండేదెక్కడ?" అని అడిగింది. చెప్పాను. రాస్తున్న పెన్ను ఆపేసింది.

"రక్తంలో ఈ అంకె చూడండి, రెండు వందల ఇరవై. ఆరు నెలల్లో సగానికి రావాలి. రాకపోతే మీరు ఆ ఇంట్లో ఉండకూడదు."

మా ఆయన ఆ ఇల్లు వదిలి రాలేరు. అంతకుముందు ఏడాదే మామయ్యకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పొయ్యి దగ్గర నిలబడటానికి మా ఆయన ఒక్కరే మిగిలారు. అంకె దిగకపోతే నేనొకచోట, ఆయనొకచోట. పెళ్ళై అప్పటికి నాలుగు నెలలు.

ఇంట్లో ఎవరూ నన్ను చిన్నచూపు చూడలేదు. అది చెప్పకపోతే పాపం. మామయ్య దాన్ని సీలింగు జబ్బు అని పిలుస్తూ, వచ్చినవాళ్ళందరికీ తనకి తెలిసినంతలో వివరించేవారు. మా ఆయన పైకి వచ్చే ముందు స్నానం చేసేవారు. ముద్దు పెట్టుకోవాలంటే మీసం సబ్బుతో కడగాలని నేనే రూలు పెట్టాను. "మీసం కడిగా" అని ఆయన మెట్ల కిందనుంచే కేకేస్తే, దుకాణానికి వచ్చినవాళ్ళకి ఏమీ అర్థం కాక చూసేవాళ్ళు. నేను పైన దిండులో మొహం దాచుకునేదాన్ని.

అందరికంటే ఎక్కువ చేసింది అత్తయ్య. నాకోసం కొత్త గిన్నె, కొత్త గరిటె, పిడికిలంత కొత్త రేకు అచ్చు కొంది. వేరేవాటిలో కలవకుండా అన్నిటికీ ఎర్రదారం కట్టింది. బియ్యం కడిగి, ఆరబెట్టి, కొత్త మిక్సీలో పట్టి, పొద్దున్నే తలస్నానం చేసి, నాకొక్కదానికే ఒక చిన్న బన్ను కాల్చి పైకి తెచ్చేది. నేను తినేదాకా మంచం అంచున కూర్చునేది.

"పిండి తగల్లేదు తల్లీ. ఒట్టు."

పైన పగిలి, చుట్టూ అంచు కరకరలాడుతూ ఉండే బన్ను. నేను అంచులు ముందు తిని, మధ్యది ఆఖరికి ఉంచుకునేదాన్ని. మా అమ్మ కూడా ఎప్పుడూ అంత దగ్గరగా కూర్చుని తినిపించలేదు.

ఆరు నెలలకి అంకె రెండు వందల నలభై.

"చాటుగా ఏమైనా తింటున్నారా?" అంది డాక్టరమ్మ.

లేదన్నాను. ఆవిడ నమ్మలేదని తెలుస్తూనే ఉంది. ఇంటికి వచ్చాక మా ఆయన నన్ను ఎత్తి, "ఆరు కిలోలు తక్కువ. ఈ బస్తాకి ఎక్కడో చిల్లుంది" అన్నారు. ఇద్దరం నవ్వాం. ఆయనే ముందు ఆపేశారు.

డాక్టరమ్మ ఇంకో మూడు నెలలు గడువిచ్చి, ఒక చీటీ రాసిచ్చింది. అదే ఆసుపత్రి రెండో అంతస్తులో, నెలలో మొదటి ఆదివారం, ఈ జబ్బున్నవాళ్ళు కలుసుకుంటారట. వెళ్ళాను. ప్లాస్టిక్ కుర్చీల్లో తొమ్మిదిమంది. ఒక బ్యాంకు గుమాస్తా తన పెళ్ళిలో తను తిన్నది రెండు అరటిపళ్ళేనని, పెళ్ళికొడుకు అలిగాడనుకుని మామగారు కొత్త వాచీ తెచ్చిచ్చారని చెప్తే అందరూ పడీపడీ నవ్వారు. నా కడుపులో జరిగేదాన్ని విడమర్చి చెప్పక్కర్లేని మనుషుల్ని చూడటం అదే మొదటిసారి. ఆ గంటసేపూ ఎంత తేలికగా ఉందో.

పద్దెనిమిదేళ్ళుగా ఈ జబ్బుతో ఉన్న ఒక టీచరమ్మ నా పక్కన కూర్చుంది. కళ్ళజోడు పెట్టెలో సొంత చెంచా పెట్టుకుని తిరుగుతుంది.

"నీకు వండేదెవరమ్మా?"

"మా అత్తయ్యండీ. చాలా జాగ్రత్తగా చేస్తారు."

"అలాంటివాళ్ళని అడిగి లాభం లేదు. అబద్ధం చెప్పరు, అదే చిక్కు. పక్కన నిలబడి చూడు."

మర్నాడు పొద్దున్నే కిందకి దిగాను. నన్ను చూసి అత్తయ్య సంబరపడింది. "నేర్చుకుంటావా? రా, అంత దూరం నిలబడు, అటు గాలి రాదు." ఎర్రదారం గిన్నెలో బియ్యప్పిండి కలిపింది. అచ్చుకి లోపల నూనె రాసింది. తర్వాత, మనసు ఇంకెక్కడో ఉన్నట్టు, ఎడమచేతిని నడుముకి కట్టుకున్న గుడ్డ జేబులోకి పోనిచ్చి, చిటికెడు తెల్లపొడి తీసి అచ్చులో జల్లి, బోర్లించి రెండుసార్లు తట్టింది.

"అత్తయ్యా, అదేంటి?"

"ఏది?"

"ఇప్పుడు జల్లింది."

"చల్లుడమ్మా. లేకపోతే అచ్చుకి అంటుకుపోదూ."

"అది గోధుమపిండే కదా."

"పిండెక్కడ... చల్లుడు."

అంటూనే ఆగిపోయింది. చేతిలో అచ్చు వైపు చూసింది. ఆ మాటలు నేనూ నేర్చుకున్నదాన్నే, మా ఆయన ముందు ముద్దుగా వల్లించినదాన్నే. ఆరు నెలలపాటు రోజూ "పిండి తగిలిందా" అని అడిగాను. ఒక్కరోజు కూడా ఇంకో మాటతో అడగాలని నాకు తోచలేదు.

"రోజూ వేశాను" అంది అత్తయ్య. "ఒక్కరోజు కూడా మర్చిపోలేదు."

"పోనీలెండి అత్తయ్యా. ఇప్పుడు తెలిసిందిగా. రేపటినుంచి ఉత్త నూనె రాద్దాం."

ఆవిడ సరుకు బస్తా మీద కూలబడి, రెండు చేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని చూసుకుంటూ ఉండిపోయింది.

మర్నాడు బన్ను రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఎంత బతిమాలినా, "నువ్వే వండుకో తల్లీ. నా చేతులకి తెలియకుండా ఏం చేస్తాయో నాకే తెలీదు" అనేది. నేను మా గదిలో చిన్న స్టవ్ మీద అన్నం వండుకుని, ఒక్కదాన్నే కూర్చుని తినేదాన్ని. అత్తయ్య గుమ్మం దాకా వచ్చి, "తిన్నావా" అని అడిగి, లోపలికి రాకుండా వెళ్ళిపోయేది. చల్లుడు తిన్న ఆరు నెలల్లోనూ నాకు అంత ఆకలి వెయ్యలేదు.

మూడు నెలలకి అంకె రెండు వందల ఐదు. దిగింది. ఆసుపత్రి వరండాలో మా ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, పిచ్చిదానిలా నవ్వుతూ లోపలికి వెళ్ళాను.

"చాలదు" అంది డాక్టరమ్మ. "బన్ను మానేసినా ఇంతే దిగిందంటే, మిగిలింది మీ ఇంటి గాల్లో ఉంది. ఎముకలు కూడా పలచబడుతున్నాయి. ఇంక ఆగడానికి లేదు."

మా ఆయన నేలవైపు చూస్తూ, "కిటికీకి రేకు కొట్టిస్తే?" అని అడిగారు. ఆవిడ రిపోర్టు మడిచి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు నేను బస్సులో నలభై నిమిషాల దూరంలో, ఒక గదిలో ఉంటున్నాను. మంచి గదే. పొద్దున్న ఎండ సరిగ్గా నా మంచం మీదే పడుతుంది. టీచరమ్మ అప్పుడప్పుడూ వచ్చి, తన చెంచాతో నా గిన్నెలో తింటుంది. ఇంతదూరం వచ్చాక కూడా కొందరి పేగు మళ్ళీ పూర్తిగా బాగుపడదని, అది ముందే తెలిసి ఉంటే మంచిదని ఒకరోజు మెల్లిగా చెప్పింది. గచ్చు మాత్రం చల్లగా ఉంటుంది.

దుకాణం సెలవురోజున మా ఆయన వస్తారు. మొదట్లో ప్రతివారం వచ్చేవారు. మామయ్యకి రెండో చెయ్యి కూడా వణుకుతోంది, ఇప్పుడు వారం విడిచి వారం. వచ్చేముందు రెండుసార్లు స్నానం చేస్తారు. ఉతికిన చొక్కా కవర్లో తెచ్చుకుని, బయటే మార్చుకుని, గుమ్మంలో బడిపిల్లాడిలా చేతులు చాపి నిలబడతారు.

"పిండి లేదు" అంటారు.

"చల్లుడు?"

అప్పుడు తల వంచుతారు. చెవి మడతలో సన్నటి తెల్లగీత ఉంటుంది, ఎన్నిసార్లు కడిగినా. తడిగుడ్డతో తుడుస్తాను. కనురెప్పలు నల్లగా ఉంటాయి. మొన్న నన్ను ఎత్తి, కళ్ళు మూసుకుని, దించేశారు.

"ఎంత?" అన్నాను.

"టీ పెడతావా? మళ్ళీ నాలుగింటి బస్సు పోతుంది."

వెళ్ళేటప్పుడు సంచిలోంచి ఒక పొట్లం తీసి ఇచ్చారు. అత్తయ్య పంపిందట. ఎర్రదారం కట్టిన రేకు అచ్చు. ఎన్నిసార్లు తోమిందో, మెరుపంతా పోయి గీతలు పడింది. "నువ్వైనా చేసుకోమంది. బాగా కడిగానని చెప్పమంది. మూడుసార్లు చెప్పింది" అన్నారు మా ఆయన.

రేకు అతుకుల్లో ఇరుక్కున్న పొడి ఎంత కడిగినా పోదని టీచరమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ మాట ఆయనతో అనలేదు. బాగా మెరుస్తోందని చెప్పమన్నాను.

ఆయన వెళ్ళాక అచ్చుని వెలుతురులో పెట్టి, అతుకు వెంట గోటితో గీకి చూశాను. గోటికి ఏమీ అంటలేదు. అయినా సబ్బుతో చేతులు కడుక్కుని, అచ్చుని నా గిన్నెలకి దూరంగా, కిటికీ అరుగు మీద బోర్లించాను.