గయ్యాళి కోటు

మేడమీద రచయిత్రికి ఒక దొంగ అలవాటు ఉంది. కింద అక్క నడిపే లాండ్రీలోంచి ఊళ్లోవాళ్ల బట్టలు చప్పుడు కాకుండా పైకి తెచ్చుకుని, తొడుక్కుని కథలు రాస్తుంది. పరకాయ ప్రవేశమంటే ఆవిడకి అదే. డాక్టరు కోటు వేసుకుంటే చేతులు వాటంతటవే వెనక్కి వెళ్లేవి. పెళ్లికాని మాస్టారి చొక్కా వేసుకుంటే గుండీలు పెడుతుండగానే దిగులేసేది. వారపత్రికలో ఆవిడ రాసే సీరియల్లో పాత్రలు అచ్చం మన పక్కింటివాళ్లలా ఉన్నాయని పాఠకులు మురిసిపోయేవాళ్లు. నలిగిన ఆ బట్టల్ని అక్క సణుక్కుంటూ మళ్లీ ఇస్త్రీ చేసేది.

ఒక్క గయ్యాళి పాత్రకి మాత్రం ఆవిడ ఏ బట్టా తొడుక్కోలేదు. ఆ గయ్యాళి అక్కే మరి. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న మనిషి, కొత్తగా తెలుసుకునేదేముందని ధీమా! తలుపు తీస్తే అరుపు, వేస్తే అరుపు. వారం వారం గయ్యాళికి అంతకు మించి పనే లేదు.

నిన్న అక్క ఆ పత్రిక చదివింది.

"ఇన్నేళ్లు కలిసున్నాం కదే. నాలో నీకు నోరొక్కటే కనిపించిందా?" అంది. అరవలేదు. చెల్లెలికి అందుకే భయమేసింది.

సాయంత్రం స్నేహితురాలింటికి వెళ్లిపోతానని చెప్పి, అక్క ఇప్పుడు లోపలి గదిలో పెట్టె సర్దుకుంటోంది. అక్క లేని ఇల్లు ఊహించుకుంటేనే రచయిత్రికి ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తోచక లాండ్రీలోకి దిగి, మేకుకి వేలాడుతున్న అక్క పనికోటు తీసి తొడుక్కుని ఇస్త్రీ బల్ల వెనక నిలబడింది.

తొట్టిలోంచి ఆవిరి లేచి గదంతా పరుచుకుంటోంది. దండేల మీద తెల్ల దుప్పట్లు నెమ్మదిగా ఊగుతున్నాయి. వెచ్చదనానికి కళ్లు మూతలు పడ్డాయి. తనెవరో తనకే కాసేపు తెలియలేదు. నడుం లాగుతోంది. ఆ నొప్పి తనదో, కోటుదో.

తలుపు తెరుచుకుని బస్సు కండక్టరు వచ్చాడు. ఆయన వీధి ఈ చివర దగ్గితే ఆ చివరికి వినపడుతుంది. అలాంటి మనిషి మునివేళ్ల మీద నడిచొచ్చి, ఆవిరిలో కోటుని చూసి గుసగుసలాడాడు.

"నా చొక్కా అయ్యిందాండీ? మెల్లగానే అడుగుతున్నా, తిట్టకండి."

"మెల్లగా ఎందుకు?"

"భలేవారే! పైన చెల్లెలు రాసుకుంటోంది, చప్పుడు చేస్తే చొక్కా తగలెడతానన్నది మీరేగా? ఈ గుమ్మం తొక్కితే వీధంతా మూగవాళ్లమే."

ఇన్నేళ్లూ రచయిత్రికి పైకి వినపడింది అక్క అరుపే. ఆ అరుపు ఆపిన చప్పుళ్లు పైకి రాలేదు.

"నా కోటేది?" పెట్టె పట్టుకుని అక్క వచ్చింది.

"తప్పయిపోయిందక్కా. నిన్ను చివరి భాగంలో దేవతని చేసేస్తాను!"

"చాల్లే సంబడం. నిన్న దెయ్యాన్ని, ఇవాళ దేవతనా? కోపమొచ్చి ఈయన చొక్కా నిజంగానే ఓసారి కాల్చాను. అదీ రాయి."

"కాల్చారా?" అన్నాడు కండక్టరు, గుసగుసగానే.

"అన్నీ రాస్తాను. ఉండిపోవే అక్కా."

"ముందు కోటు విప్పు."

"విప్పను. రాయడం అయ్యేదాకా ఇది నాక్కావాలి."

అక్క పెట్టెని కాలితో బల్ల కిందికి తోసి, కోటు లేకుండానే ఇస్త్రీపెట్టె అందుకుంది.

"ఇంకా నిలబడ్డావేం? పైకిపోయి రాసుకో!" అని గది దద్దరిల్లేలా అరిచింది.

కండక్టరు పెదాల మీద వేలు పెట్టుకుని అన్నాడు: "మెల్లగా అండీ... ఆవిడ రాసుకోవాలి."